మూడు వేల రూపాయల్లో ఇంకు పెన్నుల సేకరణ: ఆరు నెలల ప్రాజెక్టు డైరీ

జూన్ 2

నిరుడు సంక్రాంతి సెలవుల్లో ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతున్నాయని ఒకేసారి ఎనిమిది ఇంకు పెన్నులు కొన్నాను. ఈరోజు సొరుగు తీసి చూస్తే వాటిలో రాస్తున్నవి రెండే. మిగిలిన ఆరింటిలో రెండు ఇంకు ఎండిపోయి మొరాయించాయి, ఒకదానికి క్యాప్ పగిలింది, ఒకటి కిందపడి పాళీ వంకర పోయింది, ఒకదాని కన్వర్టరు, అంటే లోపల ఇంకును పీల్చి పట్టి ఉంచే చిన్న గొట్టం, ఎక్కడో పోయింది, చివరిదానిలో నేనే తెలియక బొమ్మలు గీసే నల్ల ఇంకు పోసి దాని ఊపిరి తీశాను. ఆ ఇంకులో ఉండే మసి, లక్క వంటి పదార్థాలు ఎండితే నీటికి కరగవన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. బడిలో పిల్లల నోటు పుస్తకాలు దిద్ది దిద్ది బొటనవేలు నొప్పి పుట్టడంతో, నొక్కి రాయాల్సిన బాల్ పెన్నును వదిలించుకోవాలని మొదలుపెట్టిన ప్రయత్నం అది. నొప్పి తగ్గలేదు సరికదా, సొరుగు నిండింది.

అందుకని ఈసారి పద్దు రాసుకుని మొదలుపెడుతున్నాను. కాకినాడలో ప్రైవేటు బడి జీతంలోంచి ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేకుండా నెలకు తీయగలిగినది 500 రూపాయలు. ఆరు నెలలకు 3,000. ఇంకు, కాగితం, పనిముట్లు, చివరికి సిరంజి కూడా ఇందులోంచే కొనాలి. మిగిలిన సొమ్ము వచ్చే నెలకు చేరుతుంది గాని, వచ్చే నెల సొమ్మును ముందుగా వాడుకోవడం కుదరదు.

ఏం సేకరించాలన్నది ఇంతకంటే పెద్ద ప్రశ్న. బ్రాండ్లను బట్టి సేకరించే స్థోమత నాకు లేదు, రంగులను బట్టి సేకరిస్తే మళ్లీ నిరుటి సొరుగే తయారవుతుంది. రెండు వారాలు ఆలోచించి, ఇంకు నింపుకునే పద్ధతిని బట్టి సేకరించాలని నిర్ణయించుకున్నాను. ఒక్కో పద్ధతికి ఒక్క పెన్ను చాలు: పిల్లర్ అనే చుక్కల గొట్టంతో బారెల్‌లోకి, అంటే పెన్ను ఒంట్లోకి, నేరుగా పోసేది, లోపలి రబ్బరు తిత్తిని నొక్కి నింపేది, కన్వర్టరుతో పీల్చేది, పిస్టన్‌ది, పక్కన మీట ఉండే పాతకాలపుది. ఐదు పెన్నులు. నిరుడు కొన్న ఎనిమిదీ కన్వర్టరు పెన్నులే కావడం ఈ లెక్క వేసుకున్నాకే గమనించాను. ఎనిమిది కొని కూడా నేను సేకరించింది నిజానికి ఒక్కటే.

జూన్ 9

ఈ నెల పెన్ను కొనడం లేదు, ఉన్నవాటికి వైద్యం చేయడానికే సొమ్ము. బంగారు పనివారు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం 180, కుళాయి సామాన్ల కొట్లో సిలికాన్ గ్రీజు చిన్న డబ్బీ 90, మందుల షాపులో రెండు సిరంజిలు 20, ఫ్యాన్సీ కొట్లో గోళ్లకు మెరుగుపెట్టే పట్టీ 60, రాయల్ బ్లూ ఇంకు సీసా 40. మొత్తం 390, నిల్వ 110. భూతద్దం ధర విని ఒక పెన్ను వచ్చేదే అనిపించిన మాట నిజం.

ఎండిపోయిన రెండు పెన్నులను విప్పి, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు కలిపిన గోరువెచ్చని నీళ్లలో పాళీ భాగాలను రాత్రంతా నానబెట్టాను. పొద్దున సిరంజితో వెనక నుంచి నీరు ఎక్కిస్తే మొదట నీలం, తరవాత ఆకుపచ్చ, ఆ తరవాత మళ్లీ నీలం వచ్చాయి. అంటే, నేను ఒక ఇంకు పూర్తిగా కడగకుండానే దాని మీద ఇంకొకటి పోసి ఉంటాను. రెండు వేర్వేరు రంగుల మందులు కలిస్తే కొన్నిసార్లు గడ్డకట్టి మడ్డి దిగుతుంది, ఆ మడ్డే దారిని మూసేసింది. ఏడెనిమిది సిరంజిల నీళ్లకు తేటగా రావడం మొదలైంది. ఇప్పుడు రెండూ రాస్తున్నాయి. ఖర్చు లేకుండా రెండు పెన్నులు తిరిగి వచ్చాయి కాబట్టి, భూతద్దం మీద వచ్చిన బాధ కొంత తగ్గింది.

జూన్ 23

వంకర పోయిన పాళీతో రెండు వారాలు కుస్తీ పట్టాను. దీన్ని బాగుచేయడం కంటే, దీని మీద నేర్చుకోవడమే ఉద్దేశం.

ఇంకు పెన్ను రాయడమంటే ఇంకు కిందికి దిగడం ఒక్కటే కాదు, దిగిన ఇంకుకు సరిపడా గాలి పైకి ఎక్కడం కూడా. పాళీ కింద ఉండే గాడుల ముక్కను మా చిన్నప్పుడు నాలుక అనేవాళ్లం. దాని మధ్య సన్నని గాడిలోంచి ఇంకు దిగుతుంది, అదే దారిలో గాలి ఎక్కుతుంది, ఎక్కువైన ఇంకును పక్కనున్న పలుచని అరలు పట్టి ఉంచుతాయి. ఈ రెండు పనులనూ ఒకే గాడిలో నమ్మకంగా జరిపించిన ఏర్పాటుకు 1884లో వాటర్‌మన్ అమెరికాలో పేటెంటు పొందాడు. ఆ తరవాతే ఇంకు పెన్ను జేబులో పెట్టుకోదగ్గ వస్తువైంది. నాలుక నుంచి పాళీ చీలికలోకి, చీలిక నుంచి కాగితం పీచులోకి ఇంకును లాగేది కేశనాళికా చర్య. చీలిక కొన దగ్గర సన్నగా, పైన కొంచెం వెడల్పుగా ఉంటేనే ఆ లాగుడు సాగుతుంది. చీలిక తలకిందులైతే, అంటే కొన దగ్గర తెరుచుకుపోతే, ఇంకు పైనే ఆగిపోతుంది.

భూతద్దంలో చూస్తే నా పాళీకి ఉన్న రోగం అదే. రెండు కొనల్లో కుడిది పైకి లేచి ఉంది, మధ్య సందు తెరుచుకుని ఉంది. లేచినదాన్ని గోటితో కిందికి నొక్కి కాసేపు పట్టుకుని వదలడం, మళ్లీ చూడడం, మళ్లీ నొక్కడం. నాలుగో రోజుకు రెండు కొనలూ సమానమయ్యాయి. ఆ ఉత్సాహంలో గోళ్ల పట్టీ నున్నని వైపున అరగంటసేపు అరగదీశాను. చివరి పది సెకన్లు చేయవలసిన పనిని అరగంట చేయకూడదని ఇప్పుడు తెలుసు. కొన మీది గట్టి లోహపు బొడిపె ఒక వైపు చదునైపోయింది, పాళీ ఇప్పుడు ఒకే కోణంలో పట్టుకుంటేనే రాస్తుంది. దాన్ని చదువు ఖర్చు కింద రాసుకున్నాను.

జూలై 7

రెండో పద్ధతి వచ్చింది. పాళీ ముక్కు మాత్రమే బయటికి కనిపించే చైనా పెన్ను, మా వీధి చివర స్టేషనరీ కొట్లో 140 రూపాయలు. ఈ ఆకారానికి మూలపురుషుడు 1941లో మార్కెట్టులోకి వచ్చిన పార్కర్ 51. దానికి నొక్కుడు తిత్తి 1948లో వచ్చింది. నా పెన్ను ఆ వంశంలో చాలా దూరపు బంధువు, అయినా నింపే పద్ధతి అదే. బారెల్ విప్పి, పాళీని ఇంకులో ముంచి, రేకు తొడుగులోని తిత్తిని నాలుగుసార్లు నొక్కాలి. ప్రతి నొక్కుడు తరవాత రెండు మూడు సెకన్లు ఆగాలి. ఆగకపోతే గాలి బుడగలే పీల్చుకుంటుంది. సిరంజితో కొలిస్తే 0.7 మిల్లీలీటర్లు పట్టింది.

దీనితోపాటు మందంగా ఉన్న కాగితంతో ఒక పొడవాటి నోటు పుస్తకం 95కు కొన్నాను. ఈ నెల ఖర్చు 235, నిల్వ 375. పిల్లల నోటు పుస్తకాల్లోని మామూలు కాగితం మీద ఇంకు పీచుల వెంట పాకి అక్షరానికి మీసాలు మొలుస్తున్నాయి. పెన్ను తప్పా కాగితం తప్పా అన్నది తేలాలంటే ఒక మంచి కాగితం కొలబద్దగా ఉండాలి.

జూలై 21

ఈ రెండు వారాల్లో తేలిన విషయాన్ని కొంచెం వివరంగా రాసుకోవాలి, ఎందుకంటే ఇది ఏ వీడియోలోనూ నాకు కనిపించలేదు.

పాళీని పరీక్షించడానికి ఎనిమిది అంకెను అడ్డంగా పడుకోబెట్టి గీయమని అందరూ చెబుతారు. ఇంగ్లీషు రాసేవారికి అది చాలవచ్చు. వారి గీతల్లో చాలా భాగం కిందికీ కుడికీ లాగే గీతలు, లాగినప్పుడు ఎంత మొండి పాళీ అయినా వింటుంది. తెలుగులో ప్రతి అక్షరం గుండ్రంగా తిరిగి వస్తుంది కాబట్టి, లాగినంత దూరమూ మళ్లీ నెట్టాలి. తలకట్టులో గీత కిందికి దిగి, వెంటనే కుడివైపుకు పైకి లేస్తుంది. ఆ లేచే గీత పాళీకి ఎదురుగీత. నా పెన్నులన్నింటిలోనూ కాగితాన్ని గీరిన శబ్దం వచ్చేది సరిగ్గా అక్కడే. గుడి చుట్టేటప్పుడు పాళీ ఎడమవైపుకు నడుస్తుంది, రెండు కొనల్లో ఒకటి వెంట్రుకవాసి లేచి ఉన్నా అది అక్కడ కాగితపు పీచును తవ్వుకుంటుంది. అందుకని నా పరీక్ష మాటలు మార్చుకున్నాను: రాష్ట్రం, ద్రాక్ష, స్త్రీ, ఝంఝ, ఘోష, పృథ్వి. ఈ ఆరింటినీ గీరుడు లేకుండా రాసిన పాళీ దేన్నయినా రాస్తుంది.

రెండో సంగతి లావు గురించి. నిరుడు నేను కొన్న పెన్నుల్లో చాలావాటికి మధ్యరకం పాళీ. దానితో రాసిన వాక్యం నల్లగా, నిండుగా, చూడముచ్చటగా ఉంటుంది, కాకపోతే చదవలేము. థ లోపలి చుక్క చుట్టూ ఉన్న గుండ్రంతో కలిసిపోతే అది ధ అవుతుంది. ష కింద ట వత్తు, దాని కింద రకారపు చుట్టు వచ్చేసరికి మూడూ ఒకే మచ్చ. నోటు పుస్తకం గీతల మధ్య ఉండే ఇరుకు చోటులో గుణింతం పైన, వత్తు కింద, రెండూ ఇమడాలంటే సన్నపాళీ కావాలి. చైనా, జపాన్ పెన్నుల సన్నపాళీలు యూరప్‌వాటికంటే ఒక అంచె సన్నగా ఉండడం మనకు లాభమే. వారి అక్షరాల్లోనూ ఒకే గడిలో పది పదిహేను గీతలు ఇమడాలి మరి. 140 రూపాయల పెన్ను నా చేతిలో ఖరీదైన మధ్యరకం పాళీలకంటే మెరుగ్గా పనిచేయడానికి కారణం ఇదేనని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆగస్టు 11

ఇది పెద్ద ఖర్చు నెల. నిల్వ 375కు ఈ నెల 500 కలిపితే 875. సామర్లకోట మీదుగా పొద్దుటి రైలులో రాజమండ్రి వెళ్లాను. రైలు ఖర్చు పద్దులో వేయాలా వద్దా అని ఆలోచించి, మా మేనత్తగారిని చూడడానికి ఎలాగూ వెళ్లాలి కాబట్టి వేయలేదు. ఇది కొంత మోసమే.

ఇంకు పెన్నుల సేకరణ అని మొదలుపెట్టిన తెలుగువాడు రాజమండ్రికి వెళ్లకుండా ఉండలేడు. కోసూరి వెంకటరత్నంగారు విదేశీ పెన్నుకు దీటుగా ఇక్కడే తయారుచేయాలని పూనుకుని 1932లో రత్నం పెన్నును తెచ్చారు. మొదట్లో పంపినవాటిలో విదేశీ భాగాలున్నాయని ఒప్పుకోని గాంధీజీ, చివరికి అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన కుమారప్ప ద్వారా అందిన పెన్నుతో రాసి చూసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయమేనని 1935 జూలైలో ఉత్తరం రాశారు. ఆ ఊళ్లో లేత్ మీద పెన్నులు తీసే పని ఆ తరవాత మరికొన్ని ఇళ్లకు పాకింది. గైడర్ పెన్నుల పేరూ అలా వినవచ్చేదే. కోటగుమ్మం చుట్టుపక్కల నడుస్తూ అద్దాల బీరువాల్లో పెన్నులు చూస్తుంటే, నా కవరులోని 875 రూపాయలు మరీ పలచగా అనిపించాయి.

చివరికి ఒక చిన్న పనివారి దగ్గర కూర్చున్నాను. ఆయన వాడేది ఎబొనైట్. రబ్బరులో గంధకం బాగా ఎక్కువగా కలిపి వేడిచేస్తే రబ్బరు సాగే గుణం పోయి, కొమ్ములా గట్టిపడి, మెరుగు పెడితే నిగనిగలాడుతుంది. ఇంకులోని పలుచని ఆమ్లాలు దాన్నేమీ చేయవు. కడ్డీని లేత్‌కు బిగించి తొలుస్తుంటే నల్లని సన్నని చుట్టలు రాలాయి, కాలిన రబ్బరు, గంధకం కలిసిన ఘాటు వాసన వచ్చింది. ముందు నా చేతికి ఒక పాత పెన్ను ఇచ్చి సంతకం పెట్టమన్నాడు, పెన్ను పట్టిన తీరు చూశాడు.

“మాస్టారూ, మీరు బాగా కిందికి పట్టుకుంటారండీ. మెడ భాగం ఇంకో రెండు నూలు పొడుగు పెడతాను, లేకపోతే మరలు మీ వేలికి గుచ్చుకుంటాయి” అన్నాడు.

సన్నపాళీ కావాలన్నాను. వేసి ఇచ్చిన నమూనాతో నా ఆరు మాటలూ రాస్తుంటే, ఝంఝ దగ్గర ఆగి చూసి నవ్వాడు. స్టీలు పాళీతో 850 రూపాయలకు కుదిరింది. ఆ సొమ్మంతా ఇచ్చేశాను. నిల్వ 25. మూడు వారాల్లో రమ్మన్నాడు.

సెప్టెంబరు 8

పెన్ను చేతికి వచ్చింది. మొదటి రెండు పేజీల్లో ప్రతి మూడో వాక్యం దగ్గర గీత తెగిపోతుంటే, ఆయన పాళీనీ నాలుకనూ కలిపి ఊడదీసి, పక్క హోటలు నుంచి తెప్పించిన టీ గ్లాసెడు మరిగే నీళ్లలో ముంచి, గుడ్డతో పట్టుకుని రెండింటినీ గట్టిగా అదిమాడు. ఎబొనైట్ నాలుక వేడికి కొద్దిగా మెత్తబడి పాళీ వంపుకు అతుక్కుపోతుంది. మధ్యలో ఉన్న సందు మూసుకోవడంతో ఇంకు తెగకుండా దిగింది. ప్లాస్టిక్ నాలుకతో ఈ పని కుదరదు. బయలుదేరేటప్పుడు ఎండలో పెట్టవద్దనీ, బారెల్‌ను నీళ్లలో నానబెట్టవద్దనీ చెప్పాడు. వెలుతురుకూ తడికీ ఎబొనైట్ పైపొర మారి, నలుపు పోయి పాచిరంగు తేలుతుందట. నేను జూన్‌లో రెండు పెన్నులను రాత్రంతా నానబెట్టిన సంగతి ఆయనకు చెప్పలేదు. అవి ప్లాస్టిక్‌వి కాబట్టి బతికిపోయాయి.

మరల మీద సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, పిల్లర్ బదులు సిరంజితో పోశాను. 2.8 మిల్లీలీటర్లు పట్టింది. చిన్నప్పుడు మరల దగ్గర కారకుండా సబ్బు పూసేవాళ్లం, అది రెండు రోజులకే కరిగి ఇంకులో కలిసేది. గ్రీజు కరగదు.

ఈ నెల బ్లూ బ్లాక్ ఇంకు సీసా 60. నిల్వ 465.

సెప్టెంబరు 22

పెన్ను కక్కింది. త్రైమాసిక పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, ఏడో తరగతి అమ్మాయి సాంఘిక శాస్త్రం జవాబు మీద రూపాయి బిళ్లంత చుక్క పడింది. చాక్‌పీసుతో అద్దినా మచ్చ నిలిచింది. మర్నాడు ఆ పిల్లకు నేనే చెప్పుకోవలసి వచ్చింది, మార్కుల గడి మీద పడలేదు గనుక గొడవ లేదు.

తప్పు పెన్నుది కాదు. బారెల్‌లో నేరుగా ఇంకు పోసే పెన్నులో, ఇంకు తగ్గేకొద్దీ ఆ చోటును గాలి ఆక్రమిస్తుంది. చేతి వెచ్చదనానికి ఆ గాలి వ్యాకోచించి కింద మిగిలిన ఇంకును బయటికి తోస్తుంది. నిండుగా ఉన్నప్పుడు గాలి కొంచెమే కనుక నాలుక అరలు ఆ తోపును ఓర్చుకుంటాయి, పావువంతుకు దిగాక ఓర్చుకోలేవు. రెండు గంటలు ఫ్యాను గాలి లేని స్టాఫ్ రూములో ఏకధాటిగా పట్టుకుని రాశాను మరి. అప్పటి నుంచి మూడోవంతుకు రాగానే మళ్లీ నింపుతున్నాను. ఒక నింపుకు పొడవాటి నోటు పుస్తకంలో 38 పేజీలు వచ్చాయి, అందులో చివరి పన్నెండు పదమూడు పేజీలు నేను వదులుకోవలసినవి.

అన్నట్టు, బొటనవేలి నొప్పి ఈ నెలలో రాలేదు.

అక్టోబరు 13

పెళ్లికి హైదరాబాదు వెళ్లినప్పుడు గురువారం కలిసి వచ్చింది, ఆ రోజున పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజారుకు వెళ్లాను. అంతకు ముందు రోజు అబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ అద్దాల ముందు అరగంట నిలబడి, ఏమీ కొనకుండా వచ్చేశాను. అది చాలా కష్టమైన అరగంట.

బజారులో పాత తాళాలు, గడియారాల రేకులు కుప్ప పోసిన ఒక దుప్పటి మీద మీట పెన్ను దొరికింది. దాని మీద కంపెనీ పేరు అరిగిపోయింది, పాళీ మాత్రం బాగుంది. అతను 400 అన్నాడు, భూతద్దం తీసి చూడడం మొదలుపెట్టగానే 250కి దిగాడు, లోపల రబ్బరు తిత్తి గలగలమంటోందని చెవి దగ్గర ఊపి వినిపించాక 150కి ఇచ్చాడు. బారెల్ పక్కన ఉన్న ఇత్తడి మీటను ఎత్తితే లోపలి రేకు బద్ద తిత్తిని అదుముతుంది, దించితే తిత్తి ఉబ్బుతూ ఇంకును పీలుస్తుంది. అమెరికాలో షెఫర్ ఈ ఏర్పాటుకు 1908లో పేటెంటు పొందాడు, తరవాత అర్ధ శతాబ్దం పాటు ప్రపంచమంతా దీన్నే అనుకరించింది.

ఈ నెలలోనే పిస్టన్ పెన్ను కూడా తెప్పించాను, 420. పారదర్శకమైన చైనా పెన్ను. వెనక మూత తిప్పితే లోపల పిస్టన్ దిగుతూ ఎక్కుతూ 1.4 మిల్లీలీటర్లు తాగుతుంది. 1929లో పెలికాన్ తెచ్చిన పద్ధతి ఇది. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, మొదటి రోజు నుంచి బుద్ధిగా రాస్తోంది. ఇబ్బంది పెట్టని పెన్ను డైరీలో రెండు వాక్యాలకు మించి ఎక్కదు.

మీట పెన్నుకు రబ్బరు తిత్తులు రెండు 60. ఖర్చు మొత్తం 630, నిల్వ 335.

అక్టోబరు 27

మీట పెన్నును విప్పడానికే వారం పట్టింది. మెడ భాగాన్ని బారెల్‌కు లక్కతో అతికించి ఉన్నారు. బలం పెడితే బారెల్ చీలుతుంది. పక్కింటి వారి హెయిర్ డ్రయ్యరు అడిగి తెచ్చి, దూరం నుంచి కొద్దికొద్దిగా వెచ్చబెట్టి, సైకిలు ట్యూబు ముక్కలతో రెండు వైపులా పట్టుకుని తిప్పుతూ, ఆపుతూ, మళ్లీ వెచ్చబెడుతూ పోతే నాలుగో రోజు చిన్నగా టిక్‌మని కదిలింది. లోపలి తిత్తి ఎండిన చింతపిక్కల పొట్టులా ముక్కలు ముక్కలుగా రాలింది. “ఉన్న పెన్నులతో రాసే తీరిక లేదు గాని, రాయని పెన్నుకు వారం రోజుల సేవ” అని మా ఆవిడ అన్నది. సమాధానం లేదు.

కొత్త తిత్తిని బారెల్ పొడవుకు కొలిచి కత్తిరించాలి. మొదటిదాన్ని అర అంగుళం పొట్టిగా కత్తిరించాను, రేకు బద్ద దాని చివరికి అందడం లేదు. రెండు తిత్తులు కొన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. రెండోదాన్ని మూడుసార్లు కొలిచాను.

నవంబరు 10

అతికించడానికి లక్కే కావాలి. బలమైన జిగురు వేస్తే, పదేళ్ల తరవాత ఎవరైనా విప్పవలసి వచ్చినప్పుడు పెన్ను విరుగుతుంది. మా వీధిలో బీరువాలకు పాలిష్ చేసే పనివాడి దగ్గర స్పిరిట్‌లో కరిగించిన లక్క ఉంది. అగ్గిపుల్లతో రెండు చుక్కలు అడిగితే చిన్న మందు సీసాలో పోసి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. మెడ చివర పలుచగా రాసి, తిత్తిని ఎక్కించి, రాత్రంతా ఆరనిచ్చాను. తిత్తి రేకుకు అంటుకోకుండా పైన కొంచెం మెత్తని టాల్క్ పొడి, సువాసన లేనిది, పూశాను.

జూన్ నుంచి మూలన పడి ఉన్న కన్వర్టరు పోయిన పెన్నును కూడా ఈ వారమే తీశాను. కన్వర్టర్లన్నీ ఒకటే అనుకుని కొంటే దెబ్బతింటాం. పార్కర్, పైలట్, లామీ వంటి కంపెనీలవి వేటికవే. మిగిలినవాటిలో అంతర్జాతీయ కొలత అనేదానికి నోరు 2.6 మిల్లీమీటర్లు, ఇటీవలి చైనా పెన్నుల్లో చాలావాటికి 3.4. పైకి చూస్తే తేడా తెలియదు. బడి భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్‌తో పెన్ను లోపలి ముక్కును కొలిస్తే నాది 3.4 రకమని తేలింది. అదే తెప్పించాను, 110. పట్టేది 0.6 మిల్లీలీటర్లే, అయినా కడగడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు. అందుకే ఎర్ర ఇంకును దీనికే కేటాయించాను. కడిగి ఆరబెట్టిన ఖాళీ ఇంకు సీసాలో సహోద్యోగి ఒకరు సగం ఎర్ర ఇంకు పోసి ఇచ్చారు, పద్దుకు తగలలేదు.

ఐదింటినీ పెట్టడానికి దర్జీ చేత పాత జీన్స్ గుడ్డతో అరలు కుట్టించిన చుట్ట సంచి 120. ఖర్చు 230, నిల్వ 605. ఐదు అరలు కుట్టమంటే గుడ్డ మిగిలిందని ఆరు కుట్టాడు.

నవంబరు 24

మీట పెన్నులో మొదట నీళ్లు నింపి, పాళీ కిందికి ఉండేలా గ్లాసులో నిలబెట్టి, కింద మడిచిన కాగితం వేశాను. పన్నెండు గంటల తరవాత కాగితం పొడిగానే ఉంది. అప్పుడు బ్లూ బ్లాక్ ఇంకు నింపాను. మీటను ఎత్తి దించాక పాళీని పది సెకన్లు ఇంకులోనే ఉంచాలి, తిత్తి నెమ్మదిగా ఉబ్బుతుంది కాబట్టి. సిరంజితో తీసి కొలిస్తే 0.8. ఆరు మాటల్లో ఐదు శుభ్రంగా వచ్చాయి, పృథ్వి దగ్గర సుడి తిరిగేటప్పుడు కొంచెం గీరింది. భూతద్దంలో ఎడమ కొన వెంట్రుకవాసి పైకి ఉంది. గోటితో రెండుసార్లు నొక్కి వదిలేశాను, పట్టీ జోలికి పోలేదు. ఆరో మాట కూడా వచ్చింది.

పద్దు ముగించాను. ఆరు నెలల్లో ఖర్చు 2,395. అందులో పెన్నుల ధరలు నాలుగింటికి కలిపి 1,560, కన్వర్టరుకూ తిత్తులకూ 170, మిగిలిన 665 పనిముట్లకూ ఇంకులకూ కాగితానికీ సంచికీ పోయింది. నిరుటి ఎనిమిదిలో ఐదు ఇప్పుడు రాస్తున్నాయి. వాటిలో కన్వర్టరు పెట్టినది సంచిలో చేరింది, రెండు బడిలో పిల్లలకు ఇచ్చాను, రెండు ఇంట్లో చీటీలకు వాడుతున్నాము. బొమ్మల ఇంకు తాగినదీ, నేను అరగదీసిన పాళీదీ, క్యాప్ పగిలినదీ విడిభాగాల డబ్బాలోకి వెళ్లాయి.

మిగిలిన 605 రూపాయలను డిసెంబరు ఇంటి ఖర్చులో కలపలేదు. ఒక కవరులో పెట్టి, పైన మీట పెన్నుతో, నా దగ్గర ఇంకా లేని ఆరో నింపుడు పద్ధతి పేరు ‘వాక్యూం ఫిల్లర్’ అని రాసి, సంచిలోని ఆరో అరలో పెట్టాను.